రాలిందంతా మీది

మొన్న బుధవారం ఎదురింటి పెద్దమ్మను సాగనంపి వచ్చినవాళ్ళు గేటు ముందర కాళ్ళు కడుక్కున్నారు. ఆమె కొడుకు చెయ్యి పైకి చాచి గేటు పక్క వేపచెట్టు రెమ్మ ఒకటి విరిచి, ఆకులు తుంచి తలా రెండు ఇచ్చాడు. శ్మశానం నుంచి వచ్చినవాళ్ళు వేపాకు కొరికి ఉమ్మేసి ఇంట్లోకి పోవడం మా వీధిలో వాడుక. నేను మా అరుగు మీద నిలబడి చూస్తూ ఉన్నాను. ఈ చెట్టుకూ తమకూ ఏ సంబంధమూ లేదని అతను తల్లి చేత కాగితం మీద సంతకం పెట్టించింది నిరుటి ఎండాకాలంలో. రెమ్మ విరిచేటప్పుడు అతనికి అది గుర్తొచ్చినట్టు లేదు. నాకు గుర్తొచ్చింది. పత్తిమిల్లు ఆఫీసులో లెక్కలు రాసి బతికినదాన్ని. ఏది ఏ దినం జరిగిందో మరవడం నాకు చేతకాదు.

ఆమె పేరు రాయను. వీధిలో పేరు పెట్టి పిలిచినవాళ్ళే లేరు. కన్నడం మాట్లాడే ఇళ్ళవాళ్ళు కూడా పెద్దమ్మ అనే అనేవాళ్ళు. నేను మాత్రం అక్కా అనేదాన్ని. వాళ్ళది బళ్ళారి బజారులో మూడు తరాల బట్టల అంగడి. పొద్దున పూజ కాగానే ఆమె గేటు బయట ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చునేది. మోకాళ్ళ మీద చేతులు, మెడ నిటారుగా. పక్కన గోడకు ఆనించి దోటి, అంటే కొసన ఇనుప కొక్కెం కట్టిన పొడుగాటి వెదురు. ఆమె సెలవు లేకుండా ఆ దోటిని ఎవరూ ముట్టేవాళ్ళు కాదు.

వేపచెట్టు గోడకు బయట, రోడ్డు అంచున ఉంది. ఇల్లు కట్టే రోజుల్లో గోడకు చెట్టు అడ్డం వచ్చిందని చెట్టును కొట్టనీయక గోడనే వంకర తిప్పించింది. గోడలో అడుగున చిన్న తూము పెట్టించి, స్నానాల గదిలో వాడిన నీళ్ళన్నీ చెట్టు మొదలుకు పోయేట్టు చేసింది. మా వీధిలో అన్ని చెట్లూ ఎండకు వడిలిపోయే నెలల్లో అదొక్కటే పచ్చగా ఉండేది. కొలిస్తే స్థలం కార్పొరేషన్‌ది. నీళ్ళు ఆమెవి. చెట్టు ఎవరిదని ఎవరికీ అనుమానం రాలేదు, ఎందుకంటే ఆమె రానీయలేదు.

ఆమె పెట్టిన చట్టం ఒక్కటే. "రాలింది మీది. చెట్టున ఉండేది నాది." రాలిన ఆకు, రాలిన పండు, పుల్ల, ఎవరైనా ఊడ్చుకుని పోవచ్చు. కొమ్మ మీద ఉన్నదానికి ఆమెను అడగాలి. ఉగాది పొద్దున వీధి ఆడవాళ్ళమంతా తలంట్లు పోసుకుని, తడి జుట్టుతో ఆ గేటు ముందర వరసగా నిలబడేవాళ్ళం. ప్రతి ఉగాదికీ అదే మాట.

"పెద్దమ్మా, పువ్వు కోసుకుంటాం."

"ఎవురి చెట్టు?"

"మీ చెట్టే పెద్దమ్మా."

"ఆఁ. ఇంట్లో ఎంతమంది?"

ఎంతమందో చెబితే దానికి తగినంత కోసుకోనిచ్చేది. ఒక రెమ్మ ఎక్కువైనా దోటి లాక్కునేది. ఒక ఏడు మూలింటికి కొత్తగా వచ్చిన కోడలు నవ్వుతూ, "ఇదేం పరీక్ష పెద్దమ్మా, బేవు సుమ్నె సిగత్తె గదా, ఊరికే దొరుకుతాది" అని కన్నడం, తెలుగు కలిపి అనింది. పెద్దమ్మ నవ్వలేదు. "ఊరికే తీసుకుంటే చేదు. అడిగి తీసుకుంటే ప్రసాదం. పో, కోసుకో" అనింది. ఆ కోడలు మరుసటి ఏడు నుంచి అందరికంటే ముందు వచ్చి నిలబడేది.

కఠినమైన మనిషే గాని చెడ్డ మనిషి అని అప్పట్లో నేను అనుకోలేదు. ఎవరింట్లో పిల్లలకు అమ్మవారు పోసినా అడగక ముందే వేపమండలు పంపేది. మా ఆయన పోయినప్పుడు ఇంట్లో పొయ్యి వెలిగే దాకా మజ్జిగ, అన్నం ఆమె ఇంటి నుంచే వచ్చినాయి. గిన్నెలు తిరిగి ఇస్తే లోపల చూసి, "ఖాళీగా ఇయ్యకూడదు చెల్లే, ఒక పలుకు చక్కెరన్నా వెయ్యల్ల" అని వాపసు పంపేది. ఇచ్చిన మాట తప్పేది కాదు. అంగడిలో గుమాస్తాకు ఏదో ఒప్పుకుని కొడుకు వెనక్కి తగ్గితే, నడివీధిలో కొడుకును నిలబెట్టి, "మనిషి పోయినా మాట ఉండల్ల రా" అని అరిచింది. ఆ అరుపు మా ఇంట్లోకి వినబడింది. అందుకే తర్వాత జరిగింది నాకు మింగుడు పడలేదు.

ఎర్రిస్వామిది రూపనగుడి అనే పల్లె. పెళ్ళాం హులిగెమ్మతో మా వీధి చివర రెండు గదుల ఇంట్లో అద్దెకు ఉండేవాడు. బాడుగ కారు నడుపుకునేవాడు. ముందు కారును బడి మైదానంలో పెట్టుకునేవాడు. ఒక దినం పెద్దమ్మ కేకేసి, "ఎండలో పెట్టి బండిని ఎందుకు కాలుస్తావప్పా? మా చెట్టు కింద పెట్టుకో" అనింది. అతను చాలా సంతోషపడ్డాడు. ఆమెకు మోకాళ్ళ నొప్పి. గేటు ముందరే బండి ఉంటే ప్రతి మంగళవారం అమ్మవారి గుడికి పోయి రావడం సులువు. ఆ తిరుగుడుకు అతను బాడుగ అడగలేదు, ఆమె ఇవ్వలేదు. నీడకు నీడ, బండికి బండి. ఇద్దరూ నష్టపోలేదని అనుకున్నారు. పొద్దున లేచి అతను కారు మీది ఆకులు, కాకి రెట్టలు కడుక్కుంటూ, "రాలింది మనదేలే పెద్దమ్మా" అనేవాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. అది ఆమె నవ్వు.

రోడ్డు వైపు పెద్దకొమ్మ ఎండింది నిరుడు మాఘంలో. చిగురు వెయ్యలేదు. కింద బెరడు ఊడి, లోపల మట్టి మాదిరి పొడి రాలేది. పొడి కారు మీద పడుతుంటే ఎర్రిస్వామే కార్పొరేషన్ ఆఫీసుకు పోయి చెప్పి వచ్చాడు. నోటితో చెప్పాడు. రాసి ఇవ్వలేదు.

ఉగాదికి ముందు బుధవారం ట్రాక్టరులో నలుగురు మనుషులు వచ్చారు. నిచ్చెన, తాళ్ళు, రంపం. నేను అరుగు మీద వడియాలు పెడుతున్నాను. నిచ్చెన చెట్టుకు ఆనించారో లేదో పెద్దమ్మ కుర్చీలో నుంచి లేచింది.

"ఎవుర్ని అడిగి పెడ్తాండారు నిచ్చెన?"

"ఆఫీసులో హేళిదారమ్మా, చెప్పినారు. ఎండు కొమ్మ తీయల్లంట."

"పైకి చూడప్పా. పక్క కొమ్మల్లో ఏముండాది?"

"పువ్వు."

"పువ్వు మీద ఉండే చెట్టుకు రంపం పెడ్తారా? కడుపుతో ఉండేదాన్ని కొట్టినట్ల. పండగ పోనీ, రాండి. అప్పుటి దాకా నా చెట్టు మీద చెయ్యి పడితే చూడు."

పూతలో ఉన్న వేపను కోయకూడదనే మాట మా వైపు అందరికీ తెలుసు. ఆ మనుషులకూ తెలుసు. పైగా పని తప్పింది. ఒకడు చెంపలేసుకున్నాడు కూడా. నిచ్చెన ట్రాక్టరులో వేసుకుని పోయారు. పండగ అయింది. ఎప్పటి మాదిరే "ఎవురి చెట్టు" అని అడిగింది, మేం చెప్పాం. పండగ తర్వాత ఆ మనుషులు రాలేదు. రమ్మని ఎవరూ చెప్పలేదు.

ఆ నెల ఆఖరున, శనివారం మధ్యాహ్నం, దుమ్ముగాలి లేచింది. వాన నాలుగు చినుకులే. కొమ్మ విరిగిన చప్పుడుకు మా ఇంటి కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. బయటికి వచ్చి చూస్తే కారు పైకప్పు సీట్ల దాకా అణిగిపోయి ఉంది. ఎర్రిస్వామి అప్పుడే అన్నానికి ఇంటికి పోయినందుకు బతికాడు. చేతికి అన్నం మెతుకులతోనే పరుగెత్తి వచ్చాడు. పెద్దమ్మ అప్పటికే పసుపు తెచ్చి విరిగిన కొమ్మకు పూస్తోంది. "మా తల్లి, నా ఇంటి మీద పడకుండా పక్కకు తిరిగింది" అంటోంది. అతను కారు చుట్టూ ఒకసారి తిరిగి, గోడ వంపు దగ్గర గొంతుకూర్చున్నాడు. అక్కడి నుంచే అన్నాడు:

"రాలింది మనదేనా పెద్దమ్మా?"

ఆమె నోటికి కొంగు పెట్టుకోలేదు.

సోమవారం నేనూ అతనితో ఇన్సూరెన్స్ ఆఫీసుకు పోయాను. కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి, చదివి చెప్పమని అడిగాడు. అక్కడి పిల్లవాడు మర్యాదగానే మాట్లాడాడు. "ఇది థర్డ్ పార్టీ పాలసీ అన్నా. నీ బండి పోయి ఎవరినన్నా గుద్దితే వాళ్ళకు మేం ఇస్తాం. నీ బండి మీద ఏమన్నా పడితే ఇయ్యం. దానికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉండల్ల."

"ముందర ఫుల్లే ఉండె గదప్పా."

"బ్యాంకు లోను ఉన్నన్ని దినాలు వాళ్ళే కట్టించినారు. లోను తీరినాక నువ్వే ఇది చాలంటివి. కట్టేది కమ్మీ అయితాదని."

బయటికి వచ్చాక ఎర్రిస్వామి మెట్ల మీద నిలబడిపోయాడు. "చూడవ్వా. బండి బ్యాంకోళ్ళది అయినన్నాళ్ళు దానికి కాపు ఉండె. నాది అయిన దినం నుంచి లేదు" అన్నాడు. అందులో తప్పు లెక్క ఏమీ లేదు. అప్పు తీరిన వస్తువుకు ఇంక భయమేమని మా మనుషులు అనుకుంటారు. అప్పు మోస్తున్నప్పుడే జాగ్రత్త. తీరినాక అంతా దేవుని దయ.

ఇంక మిగిలింది చెట్టు. కార్పొరేషన్‌కు నోటీసు ఇస్తే జవాబు వచ్చింది: ఆ చెట్టు గురించి తమకు ఏ ఫిర్యాదూ రాలేదు, తమ మనుషులెవరూ అక్కడికి పోలేదు, గాలికి కొమ్మ పడడం ప్రకృతి వైపరీత్యం. ట్రాక్టరు ఎవరో కాంట్రాక్టుదారుది. ఆ దినం ఎక్కడికి పోయిందో ఎక్కడా రాసుకోలేదు.

ఎర్రిస్వామి పెట్టుకున్న లాయరు చిన్న వయసువాడు, మోక నుంచి దినమూ బస్సులో వచ్చేవాడు. అతను మాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. గాలికి పచ్చని కొమ్మ పడితే అది దేవుని పని. ఎండిందని తెలిసి కూడా వదిలేసిన కొమ్మ పడితే, తెలిసినవాళ్ళ బాధ్యత. కార్పొరేషన్‌కు తెలుసని నిరూపించాలంటే మనుషులు వచ్చి వెనక్కి పోయారని తేలాలి. "ఆ పెద్దమ్మ ఒక్క మాట చెబితే చాలు. వచ్చినారు, నేనే పండగ పోనీ అన్నాను అని. అప్పుడు మళ్ళీ ఎందుకు రాలేదని కార్పొరేషన్‌ను పట్టుకోవచ్చు. ఆమె మీద కొంచెం పడినా పడవచ్చు, అబద్ధం చెప్పను. కానీ ఆ మాట లేకపోతే మనకు ప్రతివాది దేవుడొక్కడే."

నేను చూశాను గదా, నేను చెబుతానన్నాను. తేదీతో సహా రాసి సంతకం పెట్టి ఇచ్చాను కూడా. అతను చదివి మడిచి పెట్టుకున్నాడు. "మీరు చూసింది నిచ్చెనను అవ్వా. రోడ్డుకు ఈ పక్క నుంచి. వాళ్ళతో మాట్లాడింది ఆమె. వాళ్ళను పంపించింది ఆమె. మీ మాట సాయం వస్తాది, కానీ బరువు ఆమె మాటకు ఉండాది."

ఎర్రిస్వామి పోయి అడగడానికి సిగ్గుపడ్డాడు. నేను పోయాను. ఆమె వరండాలో చేటలో బియ్యం చెరుగుతోంది. గేటు పక్కన తూముకు కొత్తగా సిమెంటు పూసి ఉంది. తడి కూడా ఆరలేదు. దోటి గోడ దగ్గర లేదు.

"అక్కా, ఆ పిల్లోనికి ఒక్క మాట కావాలంట."

"తెలుసు చెల్లే."

"ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు."

చేట ఆడిస్తూనే ఉంది. "మా వాడు అంటాండాడు, నా చెట్టు అంటే ఒక్క మాటకు ఇంటి మీదికి వస్తాదంట. అంగడి మీద లోను ఉండాదంట. కోర్టోళ్ళు అన్నీ చూస్తారంట."

"కారు ఖరీదు ఈ ఇంటి గుమ్మానికి కూడా సరిపోదక్కా. మీవాడు భయపెడుతున్నాడు. ఆ భారమైనా ఎక్కువ కార్పొరేషన్ మీదనే పడుతుందని లాయరు అంటున్నాడు."

"నేనేమన్నానో నాకి తెలుసు. నీకి తెలుసు. పైన దేవునికి తెలుసు. ఇంగొకరికి తెలియాల్సిన పనేముండాది?"

"ఎర్రిస్వామికి ఉంది."

అప్పుడు చేట ఆగింది. నా వైపు చూడలేదు. రాయి ఒకటి ఏరి పక్కన వేసింది. "వానికి వయసుండాది. వానికి ఇంగొక బండి వస్తాది. నాకి ఇంగొక కొడుకు వస్తాడా?" అనింది. మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. నేను లేచి వచ్చేశాను. వెనక నుంచి, "మజ్జిగ తాగి పో చెల్లే" అని పిలిచింది. ఆ ఇంటి మజ్జిగ తాగకుండా వచ్చింది అదే మొదలు.

తర్వాత వారం కొడుకు కాగితం రాయించుకుని వచ్చాడు. చెట్టు మా గోడకు బయట ఉంది, అది మాది కాదు, దాన్ని మేం పెంచలేదు, కొమ్మ కోయడానికి ఎవరూ రాలేదు, మేం ఎవరినీ ఆపలేదు. ఆమె సంతకం చేసింది. అంగడి పద్దులకు చేసే సంతకమే, అక్షరం చెదరకుండా. లాయరు దాని నకలు చూపించినప్పుడు ఎర్రిస్వామి చదవలేదు. అతనికి చదువు రాదు. "ఏమని ఉండాదవ్వా?" అన్నాడు. చదివి వినిపించాను. అంతా విని, "పెంచలేదంటనా?" అని అదొక్కటే మళ్ళీ అడిగాడు.

కారును గుజరీ అంగడివాళ్ళు ఇనుము కింద తూకం వేసి కొన్నారు. అతను ఇప్పుడు చోరనూరు దిక్కు ఎవరిదో ట్రాక్టరు నడుపుతున్నాడు, నెలకొకసారి ఇంటికి వస్తాడు. కేసు నడుస్తూనే ఉంది. చెప్పాల్సిన మనిషి మొన్న బుధవారం పోయింది. మనిషి పోయినా మాట ఉండాలని ఆమె అనేది. ఉంది. సంతకంతో సహా కోర్టులో ఉంది.

ఆమెను తలుచుకుంటే నాకు మజ్జిగ గుర్తుకు రావాలి, మండలు గుర్తుకు రావాలి. రావడం లేదు. ఈ ఏటి ఉగాది ఒక్కటే వస్తోంది.

తూము మూసినా చెట్టు చావలేదు. మిగిలిన కొమ్మలు ఎప్పటికంటే ఎక్కువ పూశాయి. పండగ పొద్దున పెద్దమ్మ అలవాటు చొప్పున కుర్చీ వేయించుకుని కూర్చుంది. పక్కన దోటి లేదు. వీధి ఆడవాళ్ళు తలుపుల దగ్గర నిలబడి చూస్తున్నారు గాని ఎవరూ కదలడం లేదు. అడగాలా వద్దా, ఎవరికీ తెలియదు. అడిగితే కేసులో ఇరికించినట్టు. అడక్కపోతే ముసలిదాని ముఖం మీద ఉమ్మేసినట్టు.

హులిగెమ్మ వీధి చివర నుంచి వచ్చింది. తడి జుట్టు, కొత్త చీర లేదు, చేతిలో సొంత దోటి. వచ్చి కుర్చీకి ఎదురుగా నిలబడింది.

"పెద్దమ్మా, పువ్వు కోసుకుంటాండా."

పెద్దమ్మ మెడ ఎత్తింది. ఆమె పెదవులు కదిలాయి. ఆ రెండు మాటలు నోటి దాకా వచ్చాయని మా అరుగు మీద నుంచి నాకు కనబడింది. బయటికి రాలేదు.

అప్పుడు హులిగెమ్మే అడిగింది, వీధంతా వినబడేట్టు.

"ఎవురి చెట్టు పెద్దమ్మా ఇది?"

లోపలి నుంచి కొడుకు వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. పెద్దమ్మ అతని వైపు తిరగలేదు. హులిగెమ్మ వైపూ చూడలేదు. మోకాళ్ళ మీది చేతులు చూసుకుంటూ అనింది.

"నాకేం తెలుసమ్మా."

"అట్లయితే అడిగే పని లేదు" అని హులిగెమ్మ దోటి పైకెత్తింది.

అవసరానికి మించి కోసింది. ఇంట్లో ఇద్దరే. కొంగు నిండినా ఆపలేదు. కొక్కెం లాగినప్పుడల్లా తెల్లటి పూత పొడి మాదిరి రాలి పెద్దమ్మ తల మీద, భుజాల మీద, ఒళ్ళో పడింది. ఆమె కదలకుండా కూర్చుంది. హులిగెమ్మ పోయాక లేచి నిలబడి, ఒళ్ళో పడిన పువ్వంతా ఒక్కటి మిగలకుండా చీర దులిపేసి, గేటు వేసుకుని లోపలికి పోయింది.

పదకొండు దాటాక వాళ్ళ పనిమనిషి బజారు వైపు నుంచి వస్తుంటే పిలిచి, సంచిలో ఏముందని అడిగాను.

"వేపపువ్వమ్మా. కొనుక్కోని రమ్మనింది పెద్దమ్మ."